మత్తడి మీద యూరియా సంచులు

మా మండలాఫీసు మీదికి డిష్షు ఎక్కిన రోజు నేను అక్కడే ఉన్నాను. మా ఊరి బోరింగు చెడిపోయి ఎన్నాళ్లయిందో, బాగుచేయించమని అడగడానికి పోతే ఆఫీసంతా మిద్దె మీదే ఉంది. పెద్ద తెల్లటి గిన్నెలాంటి దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, కింద గదిలో టీవీ ముందు కూర్చున్న గుమస్తాను "వచ్చిందా? వచ్చిందా?" అని అరుస్తున్నారు. లోపలి నుంచి అతను "చీమలే సారూ, ఉత్త చీమలే" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"బోరింగుల నీళ్లు రావు గని, మీకు మొగులు మీదికెల్లి బొమ్మలొస్తయా సారూ?" అని గట్టిగానే అడిగాను. మండలాధికారి మిద్దె మీది నుంచి తొంగి చూసి నవ్వాడు. మంచాయన. అప్పటికే నా నోటికి అలవాటుపడిపోయాడు.

నెత్తిన నోరుంటేనే పెత్తనం అంటారు. నాకు ఉన్నది అదొక్కటే. తొంభైల నడుమ సర్పంచు సీట్లలో కొన్ని ఆడవాళ్లకు వచ్చాయి, మా ఊరిది అందులో పడింది. మాది దూదేకుల ఇల్లు. నమాజు చదువుతాం, ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఊళ్లో అందరితో అక్కా బావా అని వరుసలు కలుపుకొని బతికినవాళ్లం. మా ఆయన తిరుమలగిరి, నకిరేకల్ అంగళ్లు తిరిగి పరుపులు, మెత్తలు కుట్టేవాడు. నన్ను నిలబెట్టిన పెద్దమనుషులు ఆయనను చూసే నిలబెట్టారు. మెత్తటి మనిషి, చెప్పినట్టు వింటాడు, సంతకం ఆమెది, పెత్తనం మనది అనుకున్నారు. గెలిచాక తెలిసింది వాళ్లకు, ఆ ఇంట్లో మెత్తగా ఉండేవి పరుపులూ ఆయనా మాత్రమేనని.

ఆ డిష్షుతో పాఠాలు చెబుతారట. ఎక్కడో పట్నంలో ఒక సారు కెమెరా ముందు నిలబడి మాట్లాడుతుంటే, మండలాఫీసుల్లో అధికారులూ సర్పంచులూ కూర్చొని వినాలి. అనుమానం వస్తే ఫోన్ చేయాలి. ఆ సారు అప్పటికప్పుడే టీవీలో జవాబు చెబుతాడు. ఈ చివరి ముక్క నేను నమ్మలేదు. టీవీ అంటే మనం చూసేది. అది మనల్ని చూసి మాట్లాడుతుందంటే ఎవరైనా నమ్ముతారా? మా ఊళ్లో ఈ సంగతి చెబితే మా అమ్మ, "ఆఫీసోళ్లకు పనిలేదు, నీకు బుద్ధిలేదు" అంది.

మొదటి పాఠం ప్రకృతి వైపరీత్యాల మీద అని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే మా చెరువు నిండింది.

ఇది సరిగా చెప్పకపోతే మా మనుషులు మీకు పిచ్చివాళ్లలా కనబడతారు. మా ఎగువ నేలల్లో నీళ్లు రావడమంటే చుట్టం వచ్చినట్టు. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. ఉత్తర కార్తెలో కూడా వాన లేకపోతే గంప ఎత్తుకొని వలస పొమ్మని దాని అర్థం. అంతకు ముందు వరుసగా కొన్నేళ్లు మా వాళ్లు ఆ గంప ఎత్తుతూనే ఉన్నారు. చెరువు మధ్యలో పిల్లలు గోలీలాడారు. అలాంటి చెరువు ఆ ఏడు ఉత్తర వెళ్లకముందే నిండి మత్తడి దుంకింది. మత్తడి అంటే చెరువుకు ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి కట్టిన రాతికట్టు. అది దుంకిన రోజు ఊరంతా పోయి చూసింది. ముసలాయన ఒకాయన నీళ్లలో దిగి నిలబడి ఏడ్చాడు.

ఆ మత్తడి మీద వరసగా బండరాళ్లు నిలబెట్టి ఉంటాయి. వానలు వెనకబట్టాక ఆ రాళ్ల సందుల్లో మట్టి మెత్తితే చెరువులో ఇంకో మూరెడు నీళ్లు ఆగుతాయి. తాతల నాటి పద్ధతి అది. మూరెడు నీళ్లంటే యాసంగి పంటకు ఇంకొన్ని మళ్లు పారతాయి. మళ్లీ పెద్ద వాన వస్తే ఆ మట్టి తనంతట తానే కొట్టుకుపోయి నీళ్లకు దారిస్తుంది. కానీ ఆ ఏడు కరువు తిన్న కడుపులు కదా, ఒక్క చుక్క కూడా వదలబుద్ధి కాలేదు. మట్టయితే కొట్టుకపోతదని, యూరియా సంచుల్లో మొరం దట్టించి, మూతి కుట్టి, రాళ్ల సందుల్లో గోడలాగా పేర్చారు. ఆ సంచుల మూతులు కుట్టింది మా ఆయనే. పరుపులు కుట్టే సూదితో, డబుల్ దారంతో. "అక్కా, బావ కుట్టు ఇడిసేది కాదు" అని ఊరంతా మెచ్చుకుంది. నాకూ గర్వంగానే ఉండింది.

చెరువు మట్టికట్ట కింద, దిగువన, మా ఊరి కాలనీ ఉంది. సర్కారు ఇళ్ల జాగాలిచ్చినప్పుడు పల్లపు నేల ఊరికే పడుందని అక్కడ గీతలు గీసిచ్చారు. గీసినవాళ్ల చేతులు పడిపోను. మా అమ్మవాళ్ల ఇల్లు అందులోనే. నా చెల్లెలు పురిటికి వచ్చి అక్కడే ఉంది. ఆడపిల్ల పుట్టింది. ఇంకా నలభై రోజులు నిండలేదు. నలభై నిండందే బాలింత గడప దాటకూడదని మా అమ్మ ఇంటిముందు కాపలా కుక్కలా కూర్చునేది.

పాఠం రోజు పొద్దుటి నుంచీ ముసురు పట్టి ఉంది. నేను బస్సెక్కేసరికి అది వానైంది. మండలాఫీసు గదిలో బెంచీలు, టీవీ, పక్కన ఫోను. సర్పంచులు కొందరు వచ్చారు. కొందరు ఆడ సర్పంచుల బదులు వాళ్ల మగవాళ్లు వచ్చి దర్జాగా కూర్చున్నారు. టీవీలో సారు కనబడ్డాడు. అద్దాలు పెట్టుకున్న నడివయసు మనిషి. చాలాసేపు సముద్రం గురించి చెప్పాడు. తుపాను ఎలా పుడుతుంది, పడవలు ఎలా కట్టేయాలి, చేపలు పట్టేవాళ్లకు కబురు ఎలా పంపాలి. నా వెనక బెంచీలో ఒక సర్పంచు, "మాకాడ సముద్రమేడుందిర బై, మా బాయిలనే నీళ్లు లెవ్వు" అంటే గదంతా పగలబడి నవ్వింది. మండలాధికారి కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత సారు, "ఇప్పుడు మీరు మాట్లాడండి, ఫోన్లు చేయండి" అన్నాడు. మా గదిలో ఎవరూ కదలలేదు. ప్రతి మండలం నుంచి ఒక్క ప్రశ్నయినా పోవాలని పైనుంచి చెప్పారట. మండలాధికారికి చెమటలు పట్టాయి. గుమస్తా నెంబరు తిప్పీ తిప్పీ చివరికి లైను దొరకబట్టాడు. దొరికిన లైను పట్టుకొని అందరి మొహాలూ చూస్తున్నాడు. "మీకు నోరుంది కదమ్మా, జర మాట్లాడుండ్రి" అని మండలాధికారి రిసీవరు నా చేతిలో పెట్టాడు.

ఏం అడగాలో నాకు తోచలేదు. అడగడానికేముంది, చెప్పుకోవడానికే ఉంది నాకు. "నమస్తే సారూ" అన్నాను. టీవీలోని మనిషి తల ఎత్తి, "నమస్తే అమ్మా, చెప్పండి" అన్నాడు.

ఓయమ్మో! నిజంగానే నాతో మాట్లాడుతున్నాడు. ఎక్కడి పట్నం, ఎక్కడి నేను! ఇద్దరి మధ్యా ఒక గాజుపలక. ఆ గాభరాలో నోటికొచ్చిందంతా చెప్పేశాను.

"మాకు తుపాను గిట్ల లేదు సారూ. మా చెరువు నిండింది. ఎన్ని ఏండ్లకో నిండింది. ఒక్క చుక్క పోనిస్తలేం. మత్తడి మీద మట్టి పోస్తె కొట్టుకపోతదని ఈపారి యూరియా సంచులల్ల మొరం నింపి పేర్చినం. మా ఆయనే కుట్టిండు. గోడ లెక్క నిలబడ్డది సారూ."

గదిలో అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. టీవీలో సారు మాత్రం కదలకుండా ఉన్నాడు. బొమ్మ ఆగిపోయిందేమో అనుకొని గుమస్తా టీవీ నెత్తిన ఒకటి కొట్టాడు. బొమ్మ ఆగలేదు. మనిషే ఆగిపోయాడు.

"అమ్మా, అక్కడ ఇప్పుడు వాన పడుతోందా?" అన్నాడు.

"పడుతుంది సారూ. పొద్దటిసంది."

"కట్ట కింద ఇళ్లున్నాయా?"

"ఉన్నయ్ సారూ. మా అమ్మగారిల్లు గూడ ఆడనే."

ఆయన అద్దాలు తీసేశాడు. ఆ మొహం నేను ఇప్పటికీ మరచిపోలేదు. "అమ్మా, ఫోన్ పెట్టేయండి. ఇప్పుడే మీ ఊరికి చెప్పండి. నీళ్లకు మత్తడి దారి మూసేశారు. అవి కట్ట మీది నుంచి పొర్లితే కట్ట నిలవదు. సంచులు తీయించండి. కట్ట కింద ఒక్కరు కూడా ఉండొద్దు, ఎత్తైన చోటికి పంపించండి. పాఠం తర్వాత విందురు గాని, ముందు లేవండమ్మా!"

రాష్ట్రంలో ఎన్ని మండలాఫీసులున్నాయో, అన్ని గదుల్లోనూ ఆ మాట వినబడింది. నాకు మాత్రం చెవుల్లో గుయ్యిమనే మోత తప్ప ఇంకేమీ వినబడలేదు. ఇందాక నవ్విన వెనక బెంచీ సర్పంచు లేచి, "మా మత్తడి మీద గూడ సంచులేసిండ్రు" అని బయటికి ఉరికాడు. చెప్పులు కూడా వదిలేసి పోయాడు.

మా ఊళ్లో ఒకటే ఫోను, పోస్టాఫీసులో. దేవుడి దయ, మోగింది. పోస్టుమాస్టరు ఎత్తాడు. "సంచులు తీయుమని మా ఆయనకు చెప్పు. కట్ట కింద ఒక్క పురుగు ఉండొద్దు. అందరు ఎత్తు జాగాకు పోవాలె. డప్పు కొట్టించు" అన్నాను. "ఫికర్ చెయ్యకు సర్పంచమ్మా, గీ నిమిషంలనే కొట్టిస్త" అన్నాడు. కొట్టించాడు కూడా. అతని మీద ఒక్క మాట కూడా అనడానికి లేదు.

మండలాధికారి తన జీపులోనే నన్ను ఎక్కించుకొని బయల్దేరాడు. దారంతా వాన. అద్దం మీద తుడిచే పుల్ల ఆగిపోతే డ్రైవరు చెయ్యి బయటపెట్టి గుడ్డతో తుడుచుకుంటూ నడిపాడు. నేను దువా చదువుతూనే ఉన్నాను, మధ్యమధ్యలో డ్రైవరును తిడుతూనే ఉన్నాను. ఊరి దగ్గరి వాగు దాటలేక జీపు ఆగిపోతే నేను చీర ఎగ్గట్టి నడుంలోతు నీళ్లలో దిగాను. ఆయన ప్యాంటుతో నా వెనకే దిగాడు.

కాలనీలోకి పోయేసరికి అంతా ఖాళీ. తలుపులకు తాళాలు. ఒక వాకిట్లో పొయ్యి ఇంకా పొగలేస్తోంది. మా అమ్మ గడప ముందు కుక్కిమంచం వానలో తడుస్తోంది, మనిషి లేదు. అమ్మయ్య అనుకున్నాను. డప్పు కొట్టినాయన సందు చివర నిలబడి, "అందర్ని ఎల్లగొట్టిన సర్పంచమ్మా, ముసలోళ్లను సుత ఎత్తుకపోయిండ్రు" అన్నాడు. నాకు ఆయన కాళ్ల మీద పడాలనిపించింది.

"ఎటు పోయిండ్రు?" అన్నాను.

ఆయన జవాబు చెప్పకముందే నవ్వులు వినబడ్డాయి. పైనుంచి. తల ఎత్తి చూశాను.

కట్ట మీద ఉన్నారు. మొత్తం కాలనీ, ఆ కొస నుంచి ఈ కొస దాకా, గొడుగులూ గొంగళ్లూ కప్పుకొని, మేకలతో, పిల్లలతో, సద్దిమూటలతో కట్ట మీద కూర్చొని ఉన్నారు.

మా ఊళ్లో ఎత్తు జాగా అంటే కట్టే. వాగు పొంగితే కట్ట ఎక్కుతాం, అంటుకున్న గడ్డివాము ఎవరిదో చూడాలంటే కట్ట ఎక్కుతాం, బతుకమ్మ కట్ట మీదే ఆడుతాం. పాక్కుంటూ పోయే పిల్లకు కూడా తెలుసు ఆ సంగతి. టీవీలో సారుకు తెలియదు. నాకు తెలుసు గాని, ఫోను పట్టుకున్నప్పుడు నాకు కట్ట తెగుతుందన్నదే తప్ప వేరే ఆలోచన లేదు. కట్ట తెగుతుందని ఇళ్లు ఖాళీ చేయిస్తే, ఊరు ఊరంతా పోయి ఆ కట్ట మీదే కూర్చుంది! మండలాధికారి అక్కడే బురదలో కూలబడి "అయ్యో, అయ్యో" అని తల బాదుకున్నాడు.

ఎలా ఎక్కానో తెలియదు. ఎక్కుతుంటే నా కాళ్ల కింద కట్ట మట్టి పెరుగులా జారుతోంది. పైకి వచ్చి చూస్తే చెరువు. దాన్ని అలా ఎప్పుడూ చూడలేదు. నీళ్లు కట్ట అంచును నాకుతున్నాయి, ఇంకొక జానెడు కూడా లేదు. పడమటి కొసన మత్తడి దగ్గర మా ఆయనా, మగవాళ్లూ గడ్డపారలతో సంచులను గుంజుతున్నారు. నీళ్ల ఒత్తిడికి అవి రాళ్లకు అతుక్కుపోయాయి. ఒక్కటీ కదలడం లేదు.

"దిగుండ్రి! తెగుతది! గుట్ట మీదికి నడువుండ్రి!" అని అరిచాను. తూర్పు కొసన కట్ట పోయి రాతిగుట్టకు ఆనుకుంటుంది, అక్కడికి చేరితే చాలు. కానీ ఎవరు వింటారు? చెవిటోని ముందు శంఖమూదినట్టే అయింది. ఒకామె కాల్చిన మక్కకంకి నా చేతిలో పెట్టబోయింది. "కూసో అక్కా, ఎంత మంచిగున్నదో సూడు మన చెరువు" అంది. ఇంకొకాయన, "ఇందాక కింద ఉండొద్దంటివి, ఇప్పుడు మీద ఉండొద్దంటివి. మొగుల్ల ఉండాల్నా?" అన్నాడు. చుట్టూ నవ్వారు. ఎన్నేళ్లకో నీళ్లు చూసిన కళ్లు అవి. నేను తిట్టని తిట్టు లేదు. నోటితో ఊరేలినదాన్ని, ఆ రోజు నా నోరు గాలికి పోయింది.

ఆ మధ్యలో, సరిగ్గా కట్ట నడుమ, నా చెల్లెలు కూర్చొని ఉంది. ఒళ్లో పిల్ల. మా అమ్మ పక్కనే గొంగడి పట్టుకొని ఉంది. నలభై నిండని బాలింతను నా మాట మీద గడప దాటించి తెచ్చింది మా అమ్మ.

"నువ్వే గద ఎత్తు జాగాకు పొమ్మన్నవు?" అంది చెల్లెలు నవ్వుతూ. "జర కూసో, ఒగరుస్తున్నవు."

వంగి, దాని ఒళ్లోంచి పిల్లను గుంజుకున్నాను. గుడ్డతో సహా ఎదకు అదుముకొని గుట్ట వైపు పరుగెత్తాను.

"నా బిడ్డ! అమ్మా, అక్కకు పిచ్చి లేసింది! నా బిడ్డ!" అని అది పెట్టిన కేక మత్తడి దాకా వినబడిందట. చెల్లెలు లేచి నా వెంట పడింది. పచ్చి బాలింత, కుట్లు ఆరనిది, పరుగెత్తింది. దాని వెంట మా అమ్మ. వాళ్ల ఏడుపు విని ఆడవాళ్లంతా "ఏమైంది, ఏమైంది" అని లేచారు. సర్పంచు మాట వినని ఊరు, బిడ్డ కోసం ఏడ్చే తల్లి వెనక మాత్రం పోయింది. పిల్లలను చంకనేసుకొని, ముసలివాళ్లను వీపుల మీద వేసుకొని వచ్చారు. కొందరు నన్ను పట్టుకొని కొట్టడానికే వచ్చారు. ఎందుకొస్తేనేం, వచ్చారు. మేకలు కూడా వచ్చాయి.

గుట్ట రాళ్ల మీదికి ఎక్కాక నా ఊపిరి అందలేదు. చెల్లెలు వచ్చి ముందు పిల్లను లాక్కుంది. తర్వాత చెంప మీద ఫాట్‌మని ఒకటి కొట్టింది. ఊరందరి ముందు. నాకన్నా చిన్నది. "నీకేం మాయరోగం పుట్టిందే! పాలు తాగుతున్న పిల్లనే, జారి పడితే?" అని ఇంకోటి కొట్టింది. నేను నిలబడి తిన్నాను. మా అమ్మ కూడా ఆపలేదు. డప్పు కొట్టినాయనా, ఆయన భుజం మీద చెయ్యేసి మండలాధికారీ చివరగా రాళ్లు ఎక్కుతున్నారు.

అప్పుడు వినబడింది. ఉరుము కాదు. నేల లోపల ఎవరో పెద్ద గుడ్డను చింపినట్టు ఒక చప్పుడు. అందరం తిరిగాం. కట్ట నడుమ నుంచి మట్టి ఒక పెళ్ల దిగువకు జారింది. జారిన చోట సన్నగా ఒక ధార, తర్వాత అది కట్టంత ధార. చూస్తుండగానే మక్కకంకులు కాల్చిన చోటు లేదు. చెల్లెలు కూర్చున్న చోటు లేదు. కాలనీ ఇళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. మా అమ్మ ఇంటి కప్పు కాసేపు తేలింది.

మక్కకంకి ఇవ్వబోయిన ఆమె, "నీళ్లన్ని పాయె, నీళ్లన్ని పాయె" అని గొణగడం మొదలుపెట్టింది. తన ఇల్లు పోయిన సంగతి ఆమెకు ఇంకా తెలియలేదు. తెగిన కట్టకు అవతల, మత్తడి దగ్గర మగవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో మా ఆయన ఎర్ర రుమాలు కనబడింది. మోకాళ్ల మీద కూర్చొని ఉన్నాడు.

చెల్లెలు చెరువు వైపే చూస్తోంది. చూసి చూసి నా వైపు తిరిగింది. మళ్లీ కొడుతుందనుకున్నాను. అది పిల్లను రెండు చేతులతో నా ముందుకు చాపింది.

"పట్టుకో అక్కా" అంది. "నా చేతులు వణుకుతున్నయ్. పడేస్తనేమో, జర నువ్వు పట్టుకో."